లోగో నుంచి ఫ్లెక్సీ దాకా: చిన్న వ్యాపారం అన్నిచోట్లా ఒకేలా కనిపించాలంటే ఏది ఎంచుకోవాలి?

మీ విజిటింగ్ కార్డు, కరపత్రం, బిల్లు పుస్తకం, బోర్డు ఫోటో, వాట్సాప్ ప్రొఫైల్ బొమ్మ. ఈ ఐదూ తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టి చూడండి. చాలామందివి ఐదు వేరు వేరు వ్యాపారాలవి అనిపిస్తాయి. కార్డు మీద ఎరుపుగా ఉన్నది కరపత్రం మీద మెరూన్ అయిపోయి ఉంటుంది. బోర్డు మీద పేరు గుండ్రటి అక్షరాల్లో, బిల్లు మీద పలకల అక్షరాల్లో ఉంటుంది. ఒకచోట పేరు పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరాల్లో. ప్రొఫైల్‌లో అసలు లోగోనే ఉండదు.

ఇందులో ఎవరి తప్పూ ఉండదు. ఒక్కొక్కటీ ఒక్కో రోజున, అప్పటికి దొరికిన మనిషితో, రేపటికల్లా కావాలన్న టెన్షన్‌లో చేయించినవే. కొనేవాళ్ళకు ఈ సంగతి తెలియదు. నిన్న కరపత్రం చూసి, ఇవాళ బోర్డు చూసినా ఆ రెండూ ఒకరివేనని వాళ్ళకు తట్టదు. అంటే రెండుసార్లు పెట్టిన ఖర్చు ఒక్కసారి పెట్టినంత పని కూడా చేయలేదన్నమాట.

ముద్రణకు వచ్చే ఫైళ్ళు సరిచూసే పనిలో చాలా ఏళ్ళు ఉన్నాను. అందమైన లోగోలు చెడిపోవడం, మామూలు లోగోలు ఊరందరికీ గుర్తుండిపోవడం రెండూ చూశాను. అందుకే కింద ప్రతి ఎంపికలోనూ నేను పెట్టే పరీక్ష ఒక్కటే: ఆరు నెలల తర్వాత, వేరే మనిషి, వేరే మెషీన్ మీద చేసినా ఇది ఇలాగే వస్తుందా? రాదనిపిస్తే అది ఎంత బాగున్నా వద్దంటాను.

ఎవరితో చేయించాలి?

దారులు నాలుగు. టెంప్లేట్ యాప్‌లో మనమే చేసుకోవడం, ప్రెస్‌లోని డీటీపీ ఆపరేటర్‌తో చేయించడం, విడిగా పనిచేసే డిజైనర్‌కు ఇవ్వడం, ఏజెన్సీకి అప్పగించడం.

కాన్వా, అడోబ్ ఎక్స్‌ప్రెస్ వంటి యాప్‌లతో పని చిటికెలో అవుతుంది. పండగ శుభాకాంక్షలకో, కొత్త సరుకు వచ్చిందని చెప్పడానికో పోస్టు కావాలంటే వీటిని మించినవి లేవు. చిక్కంతా అందులో ఉండే వేల టెంప్లేట్ల దగ్గరే వస్తుంది. ప్రతిసారీ కొత్తది ఒకటి నచ్చుతుంది. ఈ వారం పూల డిజైన్, వచ్చే వారం నలుపు బంగారం డిజైన్. పది పోస్టులు పూర్తయ్యేసరికి మీ వ్యాపారానికి పది ముఖాలు వచ్చేస్తాయి. లోగో కూడా అందులోని బొమ్మతోనే చేసుకుంటే ఇంకో ఇబ్బంది ఉంది. ఆ బొమ్మ వాడుకునే హక్కు మీతోపాటు ఆ యాప్ వాడే అందరికీ ఉంటుంది. రేపు మీ పోటీదారు అదే బొమ్మ పెట్టుకున్నా మీరు అడగలేరు. దాన్ని మీదిగా ట్రేడ్‌మార్క్ నమోదు చేసుకోవడమూ కష్టమే.

ఏఐతో లోగో చేయించుకోవచ్చా అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. ఆలోచనలు వెతుక్కోవడానికి వాడుకోండి, మంచిదే. చివరి లోగోగా మాత్రం వద్దు. చాలావరకు అది ఇచ్చేది చుక్కలతో కూడిన బొమ్మ, పెద్దది చేస్తే పగిలిపోతుంది. చిన్న మార్పు అడిగితే మొత్తం బొమ్మే మారిపోవచ్చు. తెలుగు అక్షరాలైతే ఒత్తులు, గుణింతాలు తరచూ తప్పుగా వస్తుంటాయి. మన పేరులోనే అక్షరం తప్పు పడితే అంతకన్నా నష్టం ఏముంటుంది?

ప్రెస్‌లో ఆపరేటర్‌ను చాలామంది తక్కువ అంచనా వేస్తారు. మెషీన్ గురించి, కటింగ్ గురించి, ఏ కాగితం మీద ఏ రంగు ఎలా దిగుతుందన్న దాని గురించి ఆయనకు తెలిసినంత బయటి డిజైనర్లకు తెలియదు. అయితే ఒక పూటలో పది పనులు ముగించాల్సిన మనిషి ఆయన. మీ వ్యాపారం గురించి కూర్చుని ఆలోచించే తీరిక ఆయనకు ఉండదు. పైగా మీ ఫైలు ఆ ప్రెస్ కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది. ఆ కంప్యూటర్ పాడైనా, ఆపరేటర్ మానేసినా, మీరు వేరే చోటికి వెళ్ళినా పని మళ్ళీ మొదటి నుంచి చేయించాలి. పాత కార్డు ఇచ్చి "ఇలాగే చేయండి" అంటే ఇంకో ఆపరేటర్ దాన్ని కంటితో చూసి మళ్ళీ గీస్తాడు. మూడుసార్లు ఇలా జరిగితే మీ లోగోకు తొలి రూపంతో పోలికే ఉండదు.

ఏజెన్సీ శాఖలు చాలా ఉన్నవాళ్ళకు, రకరకాల ప్యాకింగ్ ఉన్నవాళ్ళకు, నెలనెలా ప్రచారం నడిపేవాళ్ళకు సరిపోతుంది. ఇద్దరు ముగ్గురితో నడిచే వ్యాపారానికి అంత అక్కర్లేదు.

నా సలహా ఈ దారులను కలిపి వాడుకోమని. పునాది పని, అంటే లోగో, రంగులు, అక్షరాలు, నాలుగైదు ఖాళీ నమూనాలు ఒక మంచి డిజైనర్‌తో ఒక్కసారి చేయించుకోండి. ఆ నమూనాలను యాప్‌లోకి ఎక్కించుకుని రోజువారీ పోస్టులు మీరే చేసుకోండి. అచ్చుకు వెళ్ళేటప్పుడు ప్రెస్‌కు ఫైలు మీరే ఇవ్వండి. డబ్బు పరిమితంగా ఉంటే డిజైనర్‌తో కార్డులు, కరపత్రాలు విడిగా చేయించకుండా ఆ పునాది మీదే పెట్టండి.

డిజైనర్‌తో మాట్లాడేటప్పుడు ముందే ఒక విషయం తేల్చుకోండి: పని అయ్యాక ఏ ఫైళ్ళు చేతికి వస్తాయి? తెరిచి మార్చుకోగల, ఎంత పెద్దది చేసినా పగలని వెక్టార్ ఫైలు తప్పనిసరి. అది ఏఐ (అడోబ్ ఇలస్ట్రేటర్ ఫైలు, పైన చెప్పిన కృత్రిమ మేధ కాదు), ఈపీఎస్, ఎస్‌వీజీ, పీడీఎఫ్‌లలో ఏదైనా కావచ్చు. వెనుక తెల్లరంగు లేని పీఎన్‌జీ ఒకటి. ఉత్త నలుపులో ఒకటి, ముదురు రంగు మీద వేయడానికి ఉత్త తెలుపులో ఒకటి. ప్రొఫైల్ కోసం చదరంగా ఒకటి. వాడిన ఫాంట్ల పేర్లు, రంగుల నంబర్లు. వచ్చిన పీడీఎఫ్ నిజంగా వెక్టారేనా అని చూడటానికి దాన్ని తెరిచి ఎంత పెద్దది అవుతుందో అంత పెద్దది చేయండి. అంచులు కత్తితో కోసినట్టు నున్నగా ఉంటే సరే. మెట్లు మెట్లుగా గళ్ళు కనిపిస్తే ఎవరో జేపీజీని పీడీఎఫ్‌లో పెట్టి ఇచ్చారని అర్థం. ఇవన్నీ రెండు చోట్ల దాచుకోండి. వాట్సాప్‌లో పంపాల్సి వస్తే ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. ఫోటోగా పంపితే అది సైజు తగ్గించేస్తుంది. అచ్చులో మసకగా వచ్చిన లోగోల్లో చాలావాటికి కారణం ఇదే.

అక్షరాల లోగోనా, బొమ్మ లోగోనా?

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు నేను అక్షరాల లోగోనే చెబుతాను. పేరునే ఒక చక్కటి తీరులో రాయించుకుంటే చాలు. బొమ్మ చూసి వ్యాపారం గుర్తుపట్టాలంటే ఆ బొమ్మను జనం ఏళ్ళ తరబడి చూసి ఉండాలి. దానికి పెట్టాల్సిన ప్రచార ఖర్చు పెద్ద కంపెనీలకే సాధ్యం. పేరుతో ఆ ఇబ్బంది లేదు, చదివితే తెలిసిపోతుంది.

అక్షరాలకు ఎంత బలం ఉందో చూడాలంటే లండన్ భూగర్భ రైళ్ళను చూడండి. ఎడ్వర్డ్ జాన్‌స్టన్ 1916లో వాటి కోసం ఒక అక్షర రూపం గీశారు. చిన్న చిన్న సవరణలతో వందేళ్ళు దాటినా అదే వాడుతున్నారు. స్టేషన్ పేరు రాసిన తీరు చూడగానే అది ఏ సంస్థదో జనానికి తెలిసిపోతుంది.

పేరు మరీ పొడవైనా, చదవడం రాని పిల్లలూ పెద్దలూ మీ కొనుగోలుదారుల్లో ఎక్కువగా ఉన్నా, చిన్న మూత మీదో బిరడా మీదో ముద్ర వేయాల్సి ఉన్నా బొమ్మ అవసరమే. అప్పుడు కూడా బొమ్మా పేరూ కలిసి ఉన్నది తీసుకోండి. విడదీసినా రెండూ నిలబడేలా గీయించుకోండి.

ఏ రకమైనా ఖాయం చేసే ముందు మూడు పనులు చేసి చూడండి. ఒకటి, దాన్ని ఒకటిన్నర సెంటీమీటరు వెడల్పులో అచ్చు వేయించండి. పేరు చదవగలుగుతున్నారా? రెండు, ఉత్త నలుపులో జిరాక్స్ తీయండి. రంగులు పోగానే రూపం కలిసిపోతే ఆ లోగో రబ్బరు స్టాంపుకు, బిల్లుకు పనికిరాదు. మూడు, ఫోన్లో గుండ్రటి ప్రొఫైల్‌గా పెట్టండి. అంచుల్లో అక్షరాలు తెగిపోతున్నాయా? చొక్కాల మీద, టోపీల మీద ఎంబ్రాయిడరీ చేయించే ఆలోచన ఉంటే సన్న గీతలు, నీడలు, ఒక రంగులోంచి ఇంకో రంగులోకి కరిగే షేడ్లు అస్సలు వద్దు. దారం వాటిని పట్టుకోలేదు.

రంగు: అన్నిటికన్నా ఎక్కువ గొడవలు ఇక్కడే

నేను చూసిన గొడవల్లో సగానికి పైగా రంగు దగ్గరే వచ్చాయి. "ఫోన్లో మెరిసిపోతున్న నీలం, కార్డు మీద ఇలా వాడిపోయిందేమిటి?" అని. ప్రెస్ మోసం చేసిందని కోపం. అసలు కారణం వేరే.

ఫోన్, కంప్యూటర్ తెరలు వెలుగుతో రంగు చూపిస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు కలిపి చూపించే ఆ పద్ధతి ఆర్‌జీబీ. కాగితం మీద సియాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాలు కలిపి దించే పద్ధతి సీఎంవైకే. వెలుగుతో చూపించగల కొన్ని రంగులను సిరాతో తీసుకురావడం అసాధ్యం. మెరిసే నీలాలు, చిలకపచ్చలు, నియాన్ నారింజలు ఈ జాబితాలో ముందుంటాయి. మీరు తెర మీద అలాంటి రంగు ఎంచుకుంటే ఫోన్లో ఒకటి, కాగితం మీద ఒకటి అని మొదటిరోజే రాసి ఇచ్చినట్టే.

మరి ఎలా ఎంచుకోవాలి? కాగితం వైపు నుంచి మొదలుపెట్టండి. ముందు అచ్చులో బాగా వచ్చే రంగు తీసుకుని, దానికి దగ్గరి రంగును తెర కోసం ఖాయం చేసుకోండి. ముదురు నీలం, ఇటుక ఎరుపు, ఆకుపచ్చలో ముదురు రకాలు, ఆవపిండి పసుపు ఈ రెండు చోట్లా దాదాపు ఒకేలా ఉంటాయి.

రంగు రాసుకోవడానికి మూడు పద్ధతులున్నాయి. తెరకు ఆరు అంకెల హెక్స్ నంబరు. అచ్చుకు నాలుగు సిరాల శాతాలు. మూడోది పాంటోన్ నంబరు. 1963లో మొదలైన పాంటోన్ పద్ధతిలో రంగును ముందే కలిపి ఒకే సిరాగా వేస్తారు, అందుకే ఎక్కడ వేయించినా తేడా చాలా తక్కువ. మామూలు సీఎంవైకే అచ్చులో లేని మెరుపు కూడా వస్తుంది. కానీ దానికి విడిగా సిరా, విడిగా ప్లేటు (మెషీన్‌లో ఆ రంగును దించే అచ్చు రేకు) కావాలి, ఖర్చు పెరుగుతుంది. ప్యాకింగ్ పెద్ద సంఖ్యలో వేయించేవాళ్ళకు, రంగే గుర్తుగా పెట్టుకున్నవాళ్ళకు పాంటోన్ విలువైనది. మిగతావాళ్ళు హెక్స్, సీఎంవైకే నంబర్లు రాసి పెట్టుకుని, వాటితోపాటు బాగా వచ్చిన ఒక అచ్చు నమూనాను కవర్లో పెట్టి దాచుకుంటే సరిపోతుంది. కొత్త ప్రెస్‌కు వెళ్ళినప్పుడు నంబరు కన్నా ఆ కాగితం ముక్కే ఎక్కువ పని చేస్తుంది. దాన్ని ఎండ తగలనివ్వకండి.

ఎన్ని రంగులు? ఒక ప్రధాన రంగు, తోడుగా ఇంకొకటి, అక్షరాలకు నలుపో ముదురు బూడిదో. ఇంతకు మించి తీసుకున్నవాళ్ళు వాటిని ఒకే క్రమంలో వాడటం నేను చూడలేదు. స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ కావాలి కాబట్టి సంచుల మీదా చొక్కాల మీదా వేయించేటప్పుడు ఖర్చు కూడా రంగుల లెక్కనే ఉంటుంది.

ఎండలో ఉండే బోర్డులకు, ఫ్లెక్సీలకు ఇంకో జాగ్రత్త. సిరాల్లో పసుపు, మెజెంటా ముందుగా వెలిసిపోతాయి, సియాన్, నలుపు ఎక్కువ కాలం ఉంటాయి. గోడ మీది పాత పోస్టర్లు నీలంగా కనిపించేది ఇందుకే. ఎరుపు అంటే మెజెంటా, పసుపుల కలయికే. కాబట్టి ఎరుపు ప్రధాన రంగైతే ఎండలో ఉండేవాటిని మరింత తరచూ మార్చాలి. లేదంటే ఆ బోర్డును అచ్చు ఫ్లెక్సీతో కాక రంగు వినైల్ షీటు కోసి అతికించే పద్ధతిలో చేయించుకోండి. అందులో రంగు షీటులోనే ఉంటుంది, ఎక్కువ కాలం నిలుస్తుంది.

చదవగలగడం కూడా రంగుతో ముడిపడిన విషయమే. తెలుపు మీద పసుపు అక్షరాలు, ఎరుపు మీద ఆకుపచ్చ అక్షరాలు వద్దు. ఎరుపూ ఆకుపచ్చా తేడా సరిగా తెలియని మగవాళ్ళు చాలామంది ఉంటారు. వెబ్ పేజీలకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం మామూలు అక్షరాలకూ వెనుక రంగుకూ మధ్య వెలుగు తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉండాలి. దీన్ని లెక్కగట్టే ఉచిత సాధనాలు నెట్‌లో దొరుకుతాయి. కాగితానికీ ఆ లెక్కే పెట్టుకోండి.

అక్షరాలు

ఒక ఫాంట్ శీర్షికలకు, ఒకటి మిగతా రాతకు. రెండు భాషల్లో వేసేవాళ్ళు తెలుగుకు ఒకటి, ఇంగ్లిష్‌కు దాని మందానికి సరిపోయేది ఒకటి ఎంచుకోవాలి. తెలుగులో కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య ఖాళీ ఎక్కువ కావాలి. ఇంగ్లిష్ నమూనాలో తెలుగు పోసేస్తే ఒత్తులు కింది వరుసను తాకుతాయి.

పాత డీటీపీ ఫాంట్లా, యూనికోడ్ ఫాంట్లా అంటే యూనికోడ్‌నే తీసుకోండి. పాత వాటిలో టైపు చేసింది ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో, ఫోన్లో పిచ్చి గుర్తులుగా మారిపోతుంది. యూనికోడ్ రాతను అచ్చులో, వెబ్‌లో, వాట్సాప్‌లో ఒకే విధంగా వాడుకోవచ్చు. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, సురన్న, నోటో సాన్స్ తెలుగు వంటివి వ్యాపారానికి కూడా ఉచితంగా వాడుకునే లైసెన్సుతో ఉన్నాయి. వేరేచోట ఉచితమని దింపుకున్న ఫాంట్లలో కొన్ని సొంత అవసరాలకే ఉచితం, లైసెన్సు చదివి వాడండి. ప్రెస్‌కు పంపే చివరి ఫైలులో అక్షరాలను ఔట్‌లైన్‌లుగా, అంటే గీసిన బొమ్మలుగా మార్చి పంపితే ఫాంట్ మారిపోయే బెడద ఉండదు. మార్చుకోగల అసలు ఫైలు మాత్రం విడిగా దాచుకోండి.

ఆఫ్‌సెట్టా, డిజిటలా? ఏ కాగితం?

ఆఫ్‌సెట్‌లో ప్రతి రంగుకూ ప్లేటు చేయాలి, మెషీన్ సర్దాలి, మొదట్లో కొన్ని కాగితాలు వృథా అవుతాయి. అందుకే తొలి కాపీ చాలా ఖరీదు, ఆ తర్వాత ఒక్కో కాపీ చవకపడుతూ వస్తుంది. డిజిటల్‌లో ప్లేటు ఉండదు. పది కాపీలైనా వేస్తారు, ధర దాదాపు ఒకేలా ఉంటుంది. కొద్ది వందల లోపు డిజిటల్, వేలల్లో అయితే ఆఫ్‌సెట్. మధ్యలో ఉంటే రెండింటికీ ధర అడిగి చూసుకోండి.

వ్యాపారం మొదటి ఏడాదిలో ఉన్నవాళ్ళకు నేను డిజిటల్‌నే చెబుతాను, లెక్క ప్రకారం ఒక్కో కార్డు ఖరీదు ఎక్కువ పడినా సరే. మొదటి ఏడాదిలో ఫోన్ నంబరో, చిరునామానో, అమ్మే సరుకో మారుతుంది. చవక అని ఐదు వేల కరపత్రాలు వేయించి, నంబరు మారాక పెన్నుతో కొట్టేసి పంచినవాళ్ళను ఎందరినో చూశాను. పెన్ను కొట్టివేత ఉన్న కరపత్రం మీ గురించి చెప్పేదే వేరు.

బాగా తక్కువ ధరకు కార్డులు వేసేచోట పెద్ద షీటు మీద పది ఇరవై మంది కార్డులు పక్కపక్కన పేర్చి ఒకేసారి అచ్చు వేస్తారు. దీనివల్ల ధర తగ్గుతుంది. కానీ సిరా మోతాదు మీ ఒక్కరి కోసం సర్దరు. పక్క కార్డులో ఎరుపు బాగా రావాలని పెంచితే మీ నీలం ఊదా వైపు జరుగుతుంది. తెల్ల కార్డు మీద నల్ల అక్షరాలు, చిన్న లోగో ఉన్నవాళ్ళకు దీనితో నష్టం లేదు, హాయిగా వేయించుకోండి. కార్డంతా నిండు రంగు పరిచినవాళ్ళకు మాత్రం ప్రతిసారీ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తెలుపు ఎక్కువగా ఉన్న డిజైన్‌ను నేను ఇష్టపడటానికి ఇదొక కారణం.

కాగితం బరువును జీఎస్ఎమ్‌లో చెబుతారు, అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకె. లెటర్‌హెడ్‌కు 80 నుంచి 100, కరపత్రానికి 90 నుంచి 130, బ్రోచర్‌కు 130 నుంచి 170, విజిటింగ్ కార్డుకు 300, ఆపైన. మెరిసే ఆర్ట్ పేపరా, మామూలు పేపరా అన్నది రంగును కూడా మారుస్తుంది. పూత లేని కాగితం సిరాను పీల్చుకుంటుంది, అదే నీలం దాని మీద మసకగా దిగుతుంది. కార్డు మీద చేత్తో తేదీ, సమయం రాసి ఇచ్చే పని ఉంటే వెనుకవైపు లామినేషన్ వేయించకండి, పెన్ను నిలవదు. మ్యాట్ లామినేషన్ చేతికి హాయిగా ఉంటుంది కానీ నల్లటి నిండు రంగు మీద వేలిముద్రలు, గీతలు బయటపడతాయి.

ఫైలు ఇచ్చేటప్పుడు చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (కటింగ్‌లో పోయేలా రంగును అంచు దాటించి వేసే భాగం) వదలండి, ముఖ్యమైన రాత అంచుకు కనీసం అంతే లోపలికి ఉండాలి. కటింగ్ బ్లేడు ఒక వెంట్రుకవాసి జరగడం మామూలే. చేతిలో పట్టుకుని చూసేవాటికి ఫోటోలు 300 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలని) ఉండాలి. 1200 పిక్సెళ్ళ వెడల్పు ఉన్న ఫోటో 4 అంగుళాల దాకానే బాగా వస్తుందన్నమాట. దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి అంత అక్కర్లేదు, 100 డీపీఐ ఉన్నా సరిపోతుంది. చిన్న అక్షరాలకు ఉత్త నలుపు సిరా ఒక్కటే వాడమనండి. నాలుగు సిరాలు కలిపిన నలుపైతే ప్లేట్లు కాస్త జరిగినా అక్షరానికి నీడ పడుతుంది.

బోర్డు అక్షరాల ఎత్తుకు సైన్‌బోర్డు పనివాళ్ళకు ఒక లెక్క ఉంది: చదవాల్సిన ప్రతి 10 అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు. 60 అడుగుల దూరం నుంచి చదవాలంటే ఆరు అంగుళాలు. ఒత్తులున్న తెలుగు పేరైతే ఇంకాస్త పెంచండి. దీన్నిబట్టి చూస్తే ఫ్లెక్సీ మీద ఎంత రాయకూడదో తెలుస్తుంది. పేరు, చేసే పని, ఒక నంబరు. సరుకుల జాబితాకు కరపత్రం ఉంది కదా.

మొదట దేని మీద ఖర్చు పెట్టాలి అని అడిగితే, కొనేవాళ్ళు ఎక్కువసార్లు చూసేదాని మీద. ఎదురుగా వచ్చి కొనే వ్యాపారమైతే బోర్డు, సంచి, బిల్లు. ఫోన్ మీద నడిచే పనైతే ప్రొఫైల్ బొమ్మ, పోస్టుల నమూనా, పార్సిల్ మీది స్టిక్కరు. ఇళ్ళకూ ఆఫీసులకూ వెళ్ళి చేసే పనైతే కార్డు, కొటేషన్ కాగితం, చొక్కా. బ్రోచర్ అందరికీ చివర్లోనే.

క్యూఆర్ కోడ్: స్థిరమైనదా, మార్చుకోగలదా?

స్టాటిక్ కోడ్‌లో మీ లింకు నేరుగా ఉంటుంది. అది ఎప్పటికీ పనిచేస్తుంది, కానీ లింకు మారితే కోడ్ మార్చాల్సిందే. డైనమిక్ కోడ్ మధ్యలో ఒక సంస్థ సర్వర్ మీదుగా వెళుతుంది. గమ్యం ఎప్పుడైనా మార్చుకోవచ్చు, ఎందరు స్కాన్ చేశారో తెలుస్తుంది. చందా ఆపితే మాత్రం అచ్చు వేసిన కాగితాలన్నిటి మీదా ఆ కోడ్ చచ్చిపోతుంది. ఉచితమని చూసి చేసుకున్నవి ట్రయల్ అయిపోగానే ఆగిపోవడం కూడా ఉంది. సొంత వెబ్ చిరునామా ఉంటే దానిలోని ఒక పేజీకి స్టాటిక్ కోడ్ చేసుకోండి, ఆ పేజీ లోపల ఏది కావాలంటే అది మార్చుకోవచ్చు. రెండు లాభాలూ వస్తాయి. కోడ్ కనీసం 2 సెం.మీ. ఉండాలి. గోడ మీద పెట్టేదైతే చూసే దూరంలో పదో వంతు. తెలుపు మీద ముదురు రంగు, చుట్టూ ఖాళీ తప్పనిసరి. మధ్యలో లోగో పెట్టాలంటే కోడ్ తయారు చేసేటప్పుడు తప్పుల దిద్దుబాటు (ఎర్రర్ కరెక్షన్) స్థాయి హెచ్ ఎంచుకోండి, కోడ్‌లో 30 శాతం దాకా చెడినా అది చదువుతుంది. అచ్చుకు ముందు కాగితం మీద తీసి, పాత ఫోన్‌తో కూడా స్కాన్ చేసి చూడండి.

నియమాలు ఎంత పొడవు ఉండాలి?

పెద్ద సంస్థలు బ్రాండ్ నియమాలను పుస్తకంగా వేసుకుంటాయి. నాసా 1976లో విడుదల చేసిన గ్రాఫిక్స్ మాన్యువల్‌లో కాగితాల నుంచి వాహనాల దాకా ఏది ఎలా ఉండాలో రాశారు. వేలమంది పనిచేసేచోట అది అవసరం. మీకు ఒక పేజీ చాలు, ఇంకా చెప్పాలంటే ఒక పేజీయే మేలు. పుస్తకమైతే ఎవరూ తెరవరు, ఒక పేజీని గోడకు అంటించవచ్చు.

ఆ పేజీలో ఇవి రాయండి: వ్యాపారం పేరు రెండు భాషల్లో, అక్షరం అక్షరం, చుక్కలతో సహా ఎలా రాయాలో. లోగో ఒప్పుగా ఒకసారి, సాగదీసి, రంగు మార్చి, నీడ పెట్టి కొట్టివేసినవి మూడు. రంగుల నంబర్లు. ఫాంట్ల పేర్లు. ఫోన్ నంబరు, చిరునామా రాసే తీరు. ఫైళ్ళు ఎక్కడున్నాయో. మాట తీరు గురించి కూడా ఒక వాక్యం ఉండాలి: కొనేవాళ్ళను "మీరు" అంటామా, చమత్కారంగా రాస్తామా, సూటిగా చెబుతామా. కొత్తగా చేరిన కుర్రాడికి, కొత్త ప్రెస్‌కు, బోర్డు రాసే ఆయనకు మొదట ఈ పేజీ ఇవ్వండి.

మార్చాలంటే: ఒక్కసారా, మెల్లగానా?

ఇప్పటికే కొన్నేళ్ళుగా నడుస్తున్న వ్యాపారమైతే మొత్తం మార్చేయాలన్న ఆవేశం తగ్గించుకోండి. ట్రాపికానా పళ్ళరసం కంపెనీ 2009 జనవరిలో తన డబ్బా రూపం పూర్తిగా మార్చింది. అందరికీ అలవాటైన, స్ట్రా గుచ్చిన నారింజ బొమ్మ తీసేసింది. రసం అదే. అయినా దుకాణాల్లో జనం దాన్ని గుర్తుపట్టలేక పోయారు, నచ్చలేదని గోల చేశారు. రెండు నెలల్లోపే అమ్మకాలు 20 శాతం దాకా పడిపోయాయని వార్తలొచ్చాయి. కంపెనీ పాత రూపానికే తిరిగి వెళ్ళింది. మీ దగ్గర జనానికి గుర్తున్నది ఏమిటో ముందు కనుక్కోండి. పదిమంది పాత ఖాతాదారులను "మా బోర్డు ఏ రంగు?" అని అడగండి. వాళ్ళు చెప్పిన రంగు ఉంచి, మిగతావి సర్దుకోండి.

మార్చేటప్పుడు వరుస ఇలా పెట్టుకుంటే ఖర్చు ఒకేసారి మీద పడదు. ఖర్చు లేనివి మొదటి రోజే మార్చేయండి: అన్ని ప్రొఫైల్ బొమ్మలు, పేరు రాసే తీరు, మ్యాప్‌లో ఫోటో, ఈమెయిల్ సంతకం. తర్వాత బోర్డు. అచ్చు కాగితాలు అయిపోయిన కొద్దీ కొత్త రూపంలో వేయించుకోండి. మిగిలిన పాత సరుకును రెండుగా విడదీయండి. నంబరో, చిరునామానో, పేరో తప్పుగా ఉన్నవి ఎన్ని మిగిలినా తీసేయండి. కేవలం రంగు, అక్షరాల తీరు పాతవైతే లోపలి వాడకానికి, అంటే రఫ్ లెక్కలకు, సరుకు లోడు చీటీలకు వాడుకోండి. కొత్త మనిషి చేతికి వెళ్ళే కాగితం మాత్రం కొత్తదే అయ్యుండాలి. బోర్డు మారిన వారం నుంచి కౌంటరు మీద పాత కార్డుల పెట్టె ఉంచకండి. అది ఉన్నంత కాలం ఎవరో ఒకరు అందులోంచే తీసి ఇస్తుంటారు.